వాల్టర్ తూటాకి కుంకుమ బొట్టు

మా ఊరి తెలుగువాళ్ల సావనీర్‌లో ఈ ఏడాది రిటైరైనవాళ్ల వృత్తి అనుభవాలు వేద్దామని కమిటీ తీర్మానించింది. తీర్మానించాక సంపాదకులు సుబ్బారావు గారికి తెలిసొచ్చిందేమిటంటే, డాలస్ పక్కన మా ఇర్వింగ్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్లలో రిటైరైనవాళ్లు ఒక్కరూ లేరని. మా డాక్టర్లకీ ఇంజనీర్లకీ ఇంకా జుట్టయినా సరిగ్గా నెరవలేదు. ఆయన నాకు ఫోన్ చేశారు.

"అమ్మా అనసూయా, నువ్వు ఉద్యోగం మానేశావటగా."

"పాప కోసం మానేశానండీ."

"ఎందుకు మానేస్తేనేం, మానేసినవాళ్లనే రిటైరైనవాళ్లంటారు. నాలుగు పేజీలు రాసిపెట్టు. ఇక్కడ కొత్తగా ఉద్యోగాల్లో చేరే మన పిల్లలకి పనికొచ్చేట్టు ఉండాలి."

అలా ముప్పై రెండో ఏట నేను విశ్రాంత ఉద్యోగినినయ్యాను. విశ్రాంతి సంగతి మాత్రం అడక్కండి. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఒక పేరా అవగానే లేచి వెళ్లి, ఊపిరి తీస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను. కొన్ని పేరాలు మరీ పొట్టిగా కనిపిస్తే, అక్కడ నాకు భయం ముందే వేసిందని అర్థం చేసుకోండి.

ప్రమోషన్ల గురించి రాయను. నాకొచ్చింది ఒక్కటే, అదీ మా సెక్షన్‌లో ఇంకొకాయన మానేస్తే వచ్చింది. డెబ్భైల చివర్లో చేరి పోయినేడాది మానేసేదాకా నేను చేసిన పని ఏమిటో, అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఏమిటో చెబుతాను.

ఇత్తడి సామాన్ల కంపెనీ

నేను తూటాల కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌ని. వేటగాళ్ల రైఫిళ్లకి తూటాలు చేసే చిన్న ఫ్యాక్టరీ అది. ఫ్రిస్కో దాటాక జొన్నచేల మధ్య ఒక రేకుల షెడ్డు, దాని వెనక కాల్చి చూసుకోవడానికి పొడుగాటి మట్టి మైదానం. ఇర్వింగ్ నుంచి రోజూ డ్రైవ్ చేసేదాన్ని. హైవే ఎక్కాక స్టవ్ ఆపానా లేదా అని అనుమానం వచ్చి వెనక్కి తిరిగిన రోజులు చాలానే ఉన్నాయి. ఒక్కసారి కూడా స్టవ్ వెలుగుతూ కనిపించలేదు. అయినా తిరగడం మానలేదు.

మెకానికల్‌లో ఎమ్మెస్ చేసి ఎన్నో కంపెనీలకి అప్లై చేస్తే పిలిచింది వీళ్లే. ఇంటర్వ్యూ చేసింది కంపెనీ ఓనరు వాల్టర్. అరవై దాటిన మనిషి, గుమ్మం పట్టనంత భుజాలు. నా సర్టిఫికెట్లు తిరగేసి కూడా చూడలేదు.

"పడుకునేముందు తలుపు తాళం ఎన్నిసార్లు చూసుకుంటావు?" అని అడిగాడు.

(వాల్టర్ మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. ఆ టెక్సాస్ సాగదీత మీరే కలుపుకోండి.)

నిజమే చెప్పాను. "రెండుసార్లు. మా ఆయన తను కూడా చూశానని చెప్పాక ఇంకోసారి."

"సోమవారం వచ్చెయ్" అన్నాడు.

ఆ పని ఏమిటో చేరాక అర్థమైంది. టెస్టింగ్ అంటే జీతం తీసుకుని కంగారుపడడం. తూటాలో నాలుగు వస్తువులుంటాయి. ఇత్తడి గొట్టం, దాంట్లో మందు, ముందు గుండు, వెనక నిప్పు రాజేసే చిన్న టోపీ. ఈ నాలుగూ కలిసి వేటగాడి చెంపకి ఆనుకుని పేలతాయి. ముందున్న జింక సంగతి నా చేతుల్లో లేదు. తుపాకీ వెనకున్న మొహానికి ఏమీ కాకుండా చూడడం నా పని. మాంసం ముట్టని ఇంటి పిల్లవి ఇదేం ఉద్యోగమని మనవాళ్లు అడిగినప్పుడు ఇదే చెప్పేదాన్ని. కాల్చి చూసే ర్యాండీ అయితే మొదటివారమే అడిగాడు.

"నువ్వు వేటాడవు. తినవు కూడా. మన సరుకు మంచిదో కాదో నీకెలా తెలుస్తుంది, ఆనా?" (అనసూయ అక్కడ ఆనా అయింది.)

"మగ డాక్టర్లు కాన్పులు చేయట్లేదా?" అన్నాను. అతను వెళ్లి, చెవులకి పెట్టుకునే మఫ్స్ ఒక జత తెచ్చి నా పేరు రాసి ఇచ్చాడు. స్నేహం అక్కడ కుదిరింది.

అత్తయ్యకి మాత్రం ఉత్తరంలో "ఇత్తడి సామాన్లు చేసే కంపెనీ" అని రాశాను. అబద్ధం కాదు, గొట్టాలు ఇత్తడివే. జవాబులో ఆవిడ జత దీపపు కుందులు అడిగారు. లోపల పనిచేసేవాళ్లకి మంచివి ఏరుకోనిస్తారేమో కనుక్కోమన్నారు.

ఉతికిన తూటాలు

కొత్తగా చేరేవాళ్లు ఇదొకటి గుర్తుపెట్టుకోండి. చేరిన ఏడాది ఒకాయన పెట్టెడు తూటాలు తిప్పి పంపాడు. ఒక్కటీ పేలట్లేదని, జింక తన వంక చూసి నింపాదిగా వెళ్లిపోయిందని కోపంగా రాశాడు. నేను వాటిని కోసి, తూచి, భూతద్దం కింద పెట్టి, మందులో తేమ ఎలా చేరిందో తేల్చలేక అన్నం మానేసినంత పనయ్యింది. ఫ్యాక్టరీలో కప్పు కారుతోందేమోనని రేకులు కూడా వెతికించాను.

చివరికి ర్యాండీ ఆ ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది ఆయన భార్య. చొక్కాలు ఉతికేముందు జేబులు చూసే అలవాటు ఆవిడకి లేదట. తూటాలు ఒకటికి రెండుసార్లు సబ్బునీళ్లలో తిరిగి, డ్రయర్‌లో ఆరి, మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి.

వస్తువుని ఎంత కోసినా దాన్ని వాడిన మనిషి కనపడడు. ముందు మనిషితో మాట్లాడండి. నేను ఈ పాఠం ఆ రోజే నేర్చుకున్నానని అనుకున్నాను. వాల్టర్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ మర్చిపోయాను.

అడవిపిల్లి

ఏ కంపెనీ కేటలాగులోనూ లేని తూటాని ఈ వృత్తిలో వైల్డ్‌క్యాట్ అంటారు, అడవిపిల్లి. ఎవరో గ్యారేజీలో కూర్చుని, కొట్లో దొరికే మామూలు ఇత్తడి గొట్టాన్ని అచ్చులో నొక్కి, గుండుని పట్టుకునే మెడ సన్నం చేసో, మెడ కింది భుజం పైకి తోసో తన పేరు పెట్టుకుంటాడు. టెక్సాస్‌లో పాతిక ఇళ్లకి ఒక గ్యారేజీలో ఇలాంటి పిల్లి ఉంటుందని ర్యాండీ అనేవాడు.

వాల్టర్‌కీ ఒకటుంది. తన యవ్వనమంతా దానిమీదే పెట్టాడు. మామూలు తూటా పక్కలు కొంచెం ఏటవాలుగా, భుజాలు జారుగా ఉంటాయి. వాల్టర్ తూటా పక్కలు నిటారు, భుజాలు వెడల్పుగా, కోసినట్టు ఉంటాయి. లోపల మందు ఎక్కువ పడుతుంది, గుండు వేగంగా పోతుంది. చూస్తే అచ్చం వాల్టర్ లాగే ఉంటుంది. ఇన్నేళ్లూ దాన్ని చేత్తో బోల్ట్ లాగి నింపుకునే పాత రైఫిల్‌లో వాడేవాడు. అందులో అది బంగారంలా పనిచేసేది.

అయితే ముందటేడు అతని కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవదు. బోల్ట్ లాగలేడు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే ఒకటి కాల్చగానే ఖాళీ గొట్టాన్ని అదే బయట పారేసి, కింది మ్యాగజీన్‌లోంచి తర్వాతదాన్ని అదే లోపలికి తోసుకుంటుంది. భుజానికి తాకిడి కూడా తక్కువ. అందుకని తన తూటాని సెమీ ఆటోమేటిక్‌కి పనికొచ్చేలా చేసి, కంపెనీ సరుకుగా తెద్దామని నిర్ణయించుకున్నాడు. నవంబర్‌లో జింకల సీజన్. దానికి ముందు అక్టోబర్‌లో ఒక శనివారం డీలర్లని మైదానానికి పిలిచి చూపించాలి. నేను సరేనంటేనే అది బయటికి పోతుంది, కాదంటే పోదు. మా కంపెనీలో పద్ధతి అది. ఓనరు తూటాకైనా అంతే.

వేసవిలో నన్ను గదిలోకి పిలిచాడు. ఆ తూటాని బల్లమీద నిలబెట్టి, "ఏమంటావు ఆనా, సెమీ ఆటోలో నడుస్తుందా?" అన్నాడు.

ఆ భుజాలు చూడగానే నాకు అనుమానం వచ్చింది. చేత్తో నింపేటప్పుడు అడ్డం తగిలితే చెయ్యి గ్రహించి, కొంచెం వెనక్కి తీసి, సర్ది తోస్తుంది. స్ప్రింగ్‌కి ఆ తెలివి లేదు. కానీ ఎదురుగా ఉన్నది పెద్దమనిషి, ఇష్టంగా అడుగుతున్నాడు. మన ఇళ్లలో పెద్దవాళ్ల మొహం మీద కాదని ఎవరంటారు? "చూద్దామండీ" అంటాం. విన్నవాళ్లకి అర్థమైపోతుంది, ఆ మాట ఇంకెవరూ ఎత్తరు. నేనూ అలాగే, ఇంగ్లీషులో, నవ్వుతూ, "చూద్దాం" అన్నాను.

వాల్టర్ ఆ సాయంత్రమే డీలర్లకి పంచడానికి టోపీలు కుట్టడానికిచ్చాడు. జింక కొమ్ములు, వాటి మధ్య తన పేరు, కింద తూటా బొమ్మ.

అందరం ముక్కునే అనుమానించాం

సెప్టెంబర్ అంతా ర్యాండీ కాల్చాడు. మొదటి రెండు చక్కగా పోయేవి, తర్వాతది ఇరుక్కునేది. ఒక్కోసారి మొదటిదే ఇరుక్కునేది. రైఫిల్ నోరు సగం తెరుచుకుని, ఇత్తడి గొట్టం అడ్డంగా పళ్లమధ్య పట్టుకున్నట్టు కనిపించేది. లోపలికి పూర్తిగా వెళ్లకుండా పేలితే ఏమవుతుందో నేను తలుచుకునేదాన్ని. తలుచుకోవడమే నా ఉద్యోగం.

స్ప్రింగ్ గట్టిది వేశాం, మెత్తనిది వేశాం. నూనె ఎక్కువేశాం, తుడిచేశాం. ఇరుక్కున్న తూటా ఎక్కడ తగులుతోందో తెలియాలంటే దానికి మార్కర్ రంగు పూసి చూడడం మామూలు. పూశాం కూడా. కాకపోతే గుండు కొసకి పూశాం. తూటా ఇరుక్కుంటే ముక్కే తగులుతుందని అందరికీ తెలుసు, అంచేత ముక్కుకే పూశాం. రంగు చెక్కు చెదరకుండా అలాగే ఉండేది. మళ్లీ ముక్కుకే పూసేవాళ్లం. భుజాలమీద ఎవరికీ అనుమానం రాలేదు అనను. నాకొచ్చింది. కానీ అవి వాల్టర్‌వి.

ఇంతలో నాకు అయిదో నెల వచ్చింది. కాల్పుల మోత పనికిరాదని డాక్టరమ్మ చెప్పింది. మైదానానికి వెళ్లడం మానేసి, లోపల బల్ల దగ్గర డమ్మీలతో పని మొదలెట్టాను. డమ్మీ అంటే మందూ టోపీ ఏమీ లేని, పక్కన చిల్లు పొడిచిన ఉత్త బొమ్మ తూటా. ఆలోచించుకుందామని కొన్నిటిని లంచ్ బాక్స్‌లో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని.

అదే వారం అత్తయ్య ఇండియా నుంచి దిగారు, కాన్పుకి సాయంగా.

నవమి

మా స్నేహితులు పండగ ఏ వారం వచ్చినా శనివారానికి జరుపుతారు. అత్తయ్య ఒప్పుకోలేదు. "నవమి బుధవారం వస్తే బుధవారమే చేస్తాం. అమ్మవారికి కూడా వీకెండ్ ఉంటుందా ఏమిటి" అన్నారు. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆయుధపూజ అయిపోయింది. మా ఆయన ప్రసాద్ కారు అద్దం మీద బొట్టు. మిక్సీకి బొట్టు. ఆయన క్యాలిక్యులేటర్‌కి మరీ పెద్ద బొట్టు, సున్నా బటన్ కనపడట్లేదు. దేవుడి దగ్గర పీట మీద, వరసగా నిలబెట్టి, నా డమ్మీలు.

"అమ్మాయ్, ఇటు రా" అన్నారు అత్తయ్య. "నీ డబ్బా కడుగుదామని తీస్తే ఇవి దొరికాయి. ఇత్తడి సామాన్లంటే ఇవేనా?"

ప్రసాద్ పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అవునత్తయ్యా."

"కుందులు కావేమో."

"కావత్తయ్యా."

"చిట్టి కలశాల్లా ఉన్నాయి కదా అని ముచ్చటపడి పీట మీద పెట్టాను. పూజంతా అయ్యాక వీడిని అడిగితే అప్పుడు చెప్పాడు ఇవేమిటో." కొడుకు పేపర్ వంక ఒక చూపు చూశారు. "ఇన్నేళ్ల నుంచి చెప్పలేదేం రా?"

"అది వాళ్ల ఆఫీస్ మ్యాటర్ అమ్మా" అన్నాడు పేపర్ వెనక నుంచి.

"పేలతాయా?"

"ఇవి పేలవత్తయ్యా, లోపలేం లేదు. డమ్మీలు."

"లేకపోతే మరీ మంచిది" అని మళ్లీ వెళ్లి పీట ముందు నిలబడి, కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో దణ్ణం పెట్టుకున్నారు. నా మీద కోపం దేవుడితో చెప్పుకుంటున్నారేమో అనుకుని నేను కదిలించలేదు.

కలశానికి చేసినట్టే చేశారు. ప్రతి తూటా మెడచుట్టూ పసుపు, భుజం మీద నాలుగువైపులా నువ్వులనూనెలో తడిపిన కుంకుమ బొట్లు. పూజ చేసినవాటిని ఆ రాత్రి కదపకూడదన్నారు. పొద్దున హడావుడిలో అలాగే డబ్బాలో వేసుకుని వెళ్లిపోయాను. ఎల్లుండే శనివారం. డీలర్లకి పిలుపులు వెళ్లి చాలా రోజులైంది.

ఎర్ర గీత

బల్ల దగ్గర వాల్టర్, ర్యాండీ ఇద్దరూ నాకోసం కాచుకుని ఉన్నారు. డబ్బా తెరవగానే ర్యాండీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రక్తమా?"

"కాదు. మా అత్తగారు పూజ చేశారు. ఏడాదికోసారి పనిముట్లకి చేస్తాం. తుడిచేస్తానుండు."

"తుడవకు" అన్నాడు వాల్టర్, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "ఆ పెద్దావిడ పెట్టినదాన్ని నా షెడ్డులో ఎవరూ తుడవరు. అలాగే వెయ్యి."

అలాగే మ్యాగజీన్‌లో వేశాం. ర్యాండీ పిడి వెనక్కి లాగి వదిలాడు. ఒకటి వెళ్లింది. ఇంకొకటి వెళ్లింది. మూడోది ఇరుక్కుంది. ఎప్పటిలాగే.

ఇరుక్కున్నదాన్ని నేను వేళ్లతో మెల్లిగా తీశాను. ముక్కు శుభ్రంగా ఉంది. మెడ మీద పసుపు ఉన్నది ఉన్నట్టే ఉంది. భుజం అంచున ఒకవైపు బొట్టు మాత్రం లేదు. తుడిచిపెట్టుకుపోయింది. టార్చి వేసి రైఫిల్ లోపలికి చూస్తే, తూటా దూరే గుమ్మం దగ్గర ఉక్కు అంచు మీద సన్నటి ఎర్ర గీత.

ఇంకోటి వేశాం. అక్కడే. ఇంకోటి. అక్కడే.

ముక్కు ఎప్పుడూ సజావుగానే లోపలికి వెళ్తోంది. వెనకాల వచ్చే భుజం గుమ్మానికి తగులుతోంది. జారు భుజాలైతే రాసుకుంటూ సర్దుకుని దూరిపోతాయి. ఇవి దూరవు.

ర్యాండీ నా వంక చూశాడు. నేను వాల్టర్ వంక చూడలేదు.

కాదు

"స్ప్రింగ్ ఇంకా గట్టిది వేస్తే?" అన్నాడు వాల్టర్.

"ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది."

"ఆ అంచు కొంచెం రాద్దాం. గుమ్మం వెడల్పు చేద్దాం."

"అక్కడ ఉక్కు తీసేస్తే పేలినప్పుడు ఇత్తడికి ఆసరా ఉండదు. వెనక మీ చెంప ఉంటుంది."

"అయితే భుజాలు కాస్త వంచుదాం. ఎంత వంచాలి?"

కాగితం తీసుకుని గీశాను. భుజం కొంచెం జార్చాను, చాలదు. ఇంకొంచెం జార్చాను. వేడెక్కాక ఖాళీ గొట్టం తేలిగ్గా బయటికి రావాలంటే పక్కలు నిటారుగా ఉండకూడదు, వాటిని ఏటవాలు చేశాను. మందు తగ్గింది. అంత మందుకి అంత పొడుగు మెడ అక్కర్లేదు, దాన్నీ సర్దాను. ర్యాండీ నా భుజం మీదుగా తొంగి చూసి, షెల్ఫ్ మీదనుంచి మా మామూలు తూటా ఒకటి తెచ్చి ఆ బొమ్మ పక్కన నిలబెట్టాడు. రెండూ ఒకటే. వాల్టర్ ఏ గొట్టాన్ని నొక్కి తన అడవిపిల్లిని చేశాడో, సరిచేసుకుంటూ పోతే అది మళ్లీ ఆ గొట్టమే అయింది.

వాల్టర్ ఆ మామూలు తూటాని వేళ్ల మధ్య తిప్పాడు.

"కొట్లో దొరికేదాన్ని కనిపెట్టడానికి నాకిన్నేళ్లు పట్టింది" అన్నాడు.

ర్యాండీ నవ్వబోయి ఆపుకున్నాడు.

"ఆనా, ఒక్కమాట సూటిగా చెప్పు. ఎల్లుండి డీలర్లొస్తారు. టోపీలొచ్చేశాయి. ఇది నడుస్తుందా?"

చూద్దాం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. భుజం ఎత్తు దాటని ఆయన కుడి చెయ్యి బల్ల మీద ఉంది. నేను కాదంటే తన తూటాతో తను ఇంకెప్పుడూ వేటకి వెళ్లలేడు. బోల్ట్ లాగలేడు, సెమీ ఆటో దీన్ని మింగదు. అయినా ఆ అంచు పక్కనే ఆయన చెంప ఉంటుంది. ఆ దృశ్యం నన్ను వదల్లేదు.

"కాదు" అన్నాను.

ఇంగ్లీషులో ఒక పెద్దాయనకి నేను చెప్పిన మొదటి కాదు అది. నోట్లోంచి కొంచెం గట్టిగానే వచ్చింది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఈ మాట నీకు వేసవిలో తెలుసా?"

"అనుమానం ఉంది."

"మరి చూద్దామన్నావు?"

"మా ఇళ్లలో దాన్నే కాదు అంటారు" అన్నాను.

వాల్టర్ ర్యాండీ వైపు తిరిగాడు. "విన్నావా? ఆరోజే కాదందట. నేనే టోపీలు కుట్టించుకున్నాను." తన పాత టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మధ్యాహ్నం తిరిగొచ్చి, శనివారం భోజనాల్లో మాంసం తగలని బీన్స్ ఒక గిన్నె విడిగా పెట్టించాలా అని అడిగాడు.

శనివారం డీలర్లందరూ వచ్చారు. వాల్టర్ బల్ల ఎక్కి చెప్పింది ఇంతే. "కొత్త తూటా చూపిస్తానని పిలిచాను. మా రైఫిల్ దాన్ని మింగనంది, మా ఇంజనీరు కాదంది. తిండి ఉంది, టోపీలున్నాయి. రెండూ తీసుకోండి." ఆ ఏడాది డాలస్ చుట్టుపక్కల సగంమంది వేటగాళ్ల తలల మీద, లోకంలో లేని తూటా బొమ్మ ఊరేగింది.

నేను చాలామంది బాసుల గురించి విన్నాను. కాదన్న మాటని కాదుగా తీసుకుని, బీన్స్ గురించి అడిగిన బాసుని ఒక్కడినే చూశాను. అలాంటివాడు దొరికితే జీతం కొంచెం తక్కువైనా ఉండిపోండి. అలా కానివాడి దగ్గర మీరెంత బాగా పరీక్షించినా, ఆ పరీక్ష మీ బల్ల మీదే ఉండిపోతుంది.

పాపని చూడ్డానికి

నవంబర్‌లో వాల్టర్ సెమీ ఆటో రైఫిల్‌లో కొట్లో దొరికే మామూలు తూటాలు వేసుకుని వేటకి వెళ్లాడు. ఫిబ్రవరిలో పాప పుట్టాక మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. చేతిలో చిన్న టోపీ. కొమ్ములు, పేరు, తూటా అన్నీ ఉన్నాయి. కుట్టేవాడితో చెప్పి పసిపిల్ల తలకి సరిపడేట్టు ఒక్కటి చేయించాడట.

అత్తయ్య కాఫీ ఇచ్చి, ఆయన భుజాల వెడల్పు చూసి, సోఫా కాళ్ల వంక ఒకసారి చూశారు.

"ఈయనేనా మీ ఆఫీసరు?"

"ఈయనే."

"వేటకి వెళ్లాడన్నావుగా. ఏమైనా దొరికిందో అడుగు."

అడిగాను. వాల్టర్ తల అడ్డంగా ఊపాడు. సీజనంతా తెల్లవారకముందే లేచి చెట్టు మీద కూర్చున్నాడట. రైఫిల్ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదట. ఇరుక్కోవడానికి దానికి పని తగల్లేదు, జింక కంటపడితే కదా అన్నాడు.

తెలుగులో చెప్పాను. అత్తయ్య మొహం వెలిగింది.

"అయితే నా మొక్కు ఫలించింది" అన్నారు.

"ఏం మొక్కు?"

"నవమి నాడు వీడు ఈయన సంగతీ తూటాల సంగతీ చెప్పాక మొక్కుకున్నానుగా. తెలియక వాటికి పూజ చేశాను తల్లీ, చేసిన పూజ వెనక్కి తీసుకోలేను, వాటిలో ఒక్కటీ నోరులేని జీవం మీద పనిచేయకుండా చూడు అని. ఈ మనిషి చేతికి ఏదొచ్చినా సరే అని కూడా కలిపాను, మళ్లీ కొత్తది చేస్తాడేమోనని."

"ఏమంటున్నారావిడ?" అన్నాడు వాల్టర్, కాఫీ గ్లాసు పట్టుకుని, మర్యాదగా ముందుకి వంగి.

ప్రసాద్ నా వంక చూసి వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ఏదో ఒకటి చెప్పి నవ్వేయొచ్చు. పాపని దీవిస్తున్నారని చెప్పొచ్చు. వాల్టర్ దగ్గర ఆ అలవాటు పోగొట్టుకుని అప్పటికి నాలుగు నెలలే అయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పూజ, మొక్కు, కలిపిన ఆఖరి మాట, అన్నీ.

వాల్టర్ గ్లాసు కింద పెట్టాడు. అత్తయ్య వంక తిరిగి, తలమీద టోపీ లేకపోయినా ఉన్నట్టే చెయ్యి నుదుటికి తీసుకెళ్లబోయాడు. చెయ్యి అంతవరకు లేవలేదు. తలే వంచాడు.

"ఆవిడతో చెప్పు ఆనా" అన్నాడు. "వచ్చే ఏడాది నుంచి ఆవిడని ముందే అడుగుతాను. టోపీలు ఆ తర్వాతే కుట్టిస్తాను."

తెలుగులో చెప్పాను. అత్తయ్య ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"చూద్దాంలే అను" అన్నారు.